పాప టెస్టుకు మేమిచ్చిన కోచింగ్

ఆ మధ్యాహ్నం మా పాప క్లాస్ టీచర్ నన్ను పిల్లల కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళ పాఠాల పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. పేజీ నిండా ముళ్ళపంది బొమ్మ.

"నిన్న మీ అమ్మాయిని ఈ పేజీ చదవమన్నాను. ఒక్క తప్పు లేకుండా చదివింది. కాకపోతే తను చదివింది నక్క కథ. అది దీని ముందు పేజీలో ఉంది."

నాకు వెంటనే అర్థం కాలేదు. ముందు పేజీ తిప్పి చూశాక తెలిసింది. పాప మూడో తరగతి. మేం జర్మనీకి, ఈ ఇంగోల్‌స్టాట్ ఊరికి వచ్చేనాటికి ఇంకా బడి వయసు లేదు, కీటాలో, అంటే ఇక్కడి బాలబడిలో, పిల్లలతో ఆడుకుంటూనే జర్మన్ పట్టేసింది. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని నా వంకర జర్మన్‌లో పాఠం ఒకసారి చదివి వినిపించేదాన్ని. నా ఉచ్చారణ సరిదిద్ది మరీ గడగడా అప్పజెప్పేది. పిల్ల చదువుతోందని మురిసిపోయాను. అది వింటోంది, గుర్తుపెట్టుకుంటోంది, అంతే.

టీచర్ ఇంకా చెబుతూనే ఉంది. క్లాసులో కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోతుందట. మొదలుపెట్టిన పని సగంలో మరిచిపోతుందట. తిట్టినట్టు కాదు, మెల్లగా, జాలిగా చెబుతోంది. నాకు దానికే ఎక్కువ భయమేసింది.

"స్కూల్ సైకాలజిస్టు చేత ఒక టెస్టు చేయిద్దాం. ఏ రోజు రావాలో టెర్మిన్ నేనే అడుగుతాను," అంది.

టెస్టు! ఆ మాట చెవిన పడితే మనవాళ్ళకి ఇంకేం తోస్తుంది? పాసవ్వాలి. ఫెయిలైతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు, కనీసం తెలుసనుకున్నాను. ఆ మధ్య ఒకరింట్లో భోజనాలకి వెళ్ళినప్పుడు ఒకావిడ పెరుగన్నం కలుపుకుంటూ చెప్పింది: "స్కూల్ సైకాలజిస్టు టెస్టులో పోతే పిల్లల్ని వేరే స్కూల్లో పడేస్తారండీ. ఒక్కసారి అటెళ్ళారా, ఇంక పెద్ద చదువులకి పంపే జిమ్నాజియం హైస్కూల్ లేదు, యూనివర్సిటీ లేదు. వాళ్ళ బతుకంతే." నిజమో అబద్ధమో ఎవరినీ అడగలేదు. అడిగితే నిజమంటారేమోనని.

మా ఆయనకి చెబితే, "టెస్టే కదా! ప్రిపేర్ చేద్దాం. దీనికి ఏడుపెందుకే?" అన్నారు. ఆయన గుంటూరులో కోచింగ్ హాస్టల్లో పెరిగిన మనిషి. పరీక్ష హాలు గేటు దగ్గర కాపు కాసి, బయటికొచ్చిన వాడినల్లా "ఏమొచ్చాయిరా?" అని పట్టుకునేవాళ్ళట. పరీక్షంటే ఆయనకి అంతే. ఏమొస్తాయో ముందు కనుక్కోవాలి.

కనుక్కున్నారు కూడా. కిందటేడాది అదే టెస్టు రాసిన పిల్ల ఒకత్తి మా తెలుగువాళ్ళలోనే ఉందని తెలిసింది. గోంగూర పచ్చడి సీసా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. మా ఆయన ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని, "టెస్టు పెట్టిన ఆంటీ నిన్ను ఏమేం చదవమందమ్మా?" అని బుజ్జగించి అడిగారు. ఆ పిల్ల బుర్ర బుర్ర కాదు బాబోయ్! చిప్స్ తింటూ ఒక్కో మాటే చెప్పుకుపోయింది. అందులో సగం అసలు మాటలే కావు. అర్థం పర్థం లేనివి. పిల్లలు నిజంగా అక్షరాలు చూసి చదువుతున్నారో లేదో తేల్చడానికి కావాలని పెడతారట. మా ఆయన వాటిని కూడా రాసుకున్నారు.

ఇంటికొచ్చి అట్టముక్కల మీద మాటలన్నీ పెద్దక్షరాలతో రాశారు. రోజూ ఆఫీసు నుంచి రాగానే ఆయన అట్ట చూపించడం, నేను చెప్పడం, పాప అనడం. కొన్నాళ్ళకి మొదటి అక్షరం కనబడితే చాలు, మిగతా మాట దాని నోటికి వచ్చేసేది. "చూశావా, ఎంత మెమరీనో నా తల్లికి!" అని ఆయన పొంగిపోయేవారు. నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. లోపల మాత్రం ఏదో పీకుతూనే ఉండేది. పాప దోసె సగంలో వదిలేస్తోంది. ఒక ఆదివారం తల దువ్వుతూ చేతులు చూశాను, గోళ్ళు కొరికి కొరికి చివర్లు ఎర్రగా పుండు పడ్డాయి.

"అమ్మా," అని పిలిచి, మిగతాదంతా జర్మన్‌లో అడిగింది. టెస్టులో తప్పిపోతే నన్ను ఎక్కడికి పంపిస్తారు?

మేం మాట్లాడుకున్నవన్నీ విన్నదన్నమాట. "ఎక్కడికీ పంపించరు బంగారం," అన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.

టెస్టు రోజు మా ఆయన సెలవు పెట్టారు. పాప లోపలుంది, మేమిద్దరం వరండాలో బెంచీ మీద. దేవుణ్ణి ఏమని మొక్కుకోవాలో కూడా తోచక ఊరికే "స్వామీ, స్వామీ" అనుకుంటున్నాను. కొంతసేపటికి సైకాలజిస్టు బయటికొచ్చింది. పాపకి కాసేపు విరామం ఇచ్చానంది.

"మాటలు చాలా చక్కగా చదువుతోంది. ఆశ్చర్యంగా ఉంది. ఇలా అయితే ప్రత్యేక సాయం అక్కర్లేదని రాయాల్సి వస్తుంది," అంది.

మా ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కారు.

"సాయం అంటే ఏంటి?" అన్నాను.

"పరీక్షల్లో ఎక్కువ టైమ్. ప్రశ్న చదివి వినిపించడం. విడిగా కూర్చోబెట్టి చదవడం నేర్పే టీచర్."

"వేరే స్కూల్లోనా?"

ఆవిడ నా వంక వింతగా చూసింది. "లేదే. తన క్లాసులోనే. తనని అక్కడే ఉంచి సాయం చేద్దామనేగా టీచర్ ఈ టెస్టు అడిగింది."

ఇన్నాళ్ళూ ఎక్కడ ఫెయిలవుతుందోనని చచ్చాను. ఇప్పుడు పాసైపోయింది. తలుపు సందులోంచి చూశాను. పాప ఎదురుగా జ్యూస్ పెట్టారు, తాగడం లేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. ఇంకా మా మాటలే వల్లె వేస్తోంది. రేపు నాలుగో తరగతిలో, ఎవరూ చదివి వినిపించని పేజీ ముందు, ఇలాగే కూర్చుంటుంది. అప్పుడు దీనికెవరు దిక్కు?

"ఆవిడకి చెప్పేద్దామండీ," అన్నాను తెలుగులో.

"పిచ్చా నీకు? పాసైపోయింది కదే! ఇప్పుడు చెబితే మోసం చేశామంటారు. ఎక్కడెక్కడికి రాస్తారో, మన వీసాకి ఏమొస్తుందో!" ఆయన మొహం పాలిపోయింది. నేను భయపడినంతగా ఆయనా భయపడుతున్నారని అప్పుడే చూశాను.

"రాసుకోనీండి. మీ వీసా కోసం నా పిల్లని గుడ్డిదాన్ని చెయ్యమంటారా?" అని కసిరి, ఆవిడ వైపు తిరిగాను. "ఆ మాటలు మాకు ముందే తెలుసు. అన్నీ మేమే బట్టీ పట్టించాం."

ఆవిడ మొహం కందిపోయింది. చేతిలో ఉన్న కాగితం మడిచేసింది. "నా దగ్గర ఇంకో టెస్టు ఉంది. మీరు కూడా లోపలికి రండి," అంది.

కొత్త కాగితం ముందు పెట్టగానే పాప బిక్కచచ్చిపోయింది. కాగితం వంక, వాళ్ళ నాన్న వంక, నా వంక చూసింది.

"అమ్మా, ఇది మనం చెయ్యలేదు," అంది.

"అవునమ్మా. చెయ్యలేదు."

"రాకపోతే పర్లేదా?"

"పర్లేదు తల్లీ."

కాసేపాగి, నా వైపే చూస్తూ, చిన్న గొంతుతో అడిగింది. "నాన్నకి?"

ఆయన పర్లేదన్నట్టు తలూపారు. పాప మొదటి మాట కింద వేలు పెట్టింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఆగి, మళ్ళీ మొదటికొచ్చి, చివరికి తప్పు చెప్పింది. నా కూతురు చదవగా నేను వినడం అదే మొదటిసారి.