గుడ్డ కప్పిన బియ్యం కుండ

వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి, ఆదివారం ఆరాధనకు తేవడం మన సంఘాల్లో అందరికీ అలవాటే. పల్లెల నుంచి చిత్తూరుకు వచ్చే ఆ బియ్యం అమ్మి, మా స్త్రీల సమాజం పల్లెల్లో సువార్త పరిచర్య చేసే బైబిలు స్త్రీలకు జీతాలిస్తుంది. పూతలపట్టు అవతల ఒక చిన్న పల్లె నుంచి మాత్రం నిరుటి నుంచీ గింజ రాలేదు. "వాళ్ళకే ఆసక్తి లేనప్పుడు మన బైబిలు స్త్రీ రత్నమ్మను అక్కడ ఉంచడమెందుకు? పెద్ద ఊరికి మార్చేద్దాం" అన్నారు కొందరు. లెక్కలు రాసేది నేనే కాబట్టి, వెళ్ళి చూసి చెప్పమన్నారు.

ఆదివారం ఉదయం ఆరున్నరకు తిరుపతి బస్సెక్కాను. పూతలపట్టుకు టికెట్టు రూపాయిన్నర. కూడలిలో ఇడ్లీ తిని, పల్లెకు బస్సు లేదు కాబట్టి జట్కా మాట్లాడుకున్నాను. మూడు రూపాయలు అడిగి రెండుకు ఒప్పుకున్నాడు.

"యాడికి మ్మా, రత్నమ్మ కాడికేనా?" అన్నాడు జట్కా అతను.

"నీకెలా తెలుసు?"

"ఆ పల్లెకు టౌనోళ్ళు ఇంకెవురి కోసరం వస్తారు? నా బిడ్డకు కామెర్లొస్తే రాయవేలూరు ఆస్పత్రికి తోడొచ్చింది ఆయమ్మే. మేము సాయిబులం. ఆయమ్మ అడగనూ లేదు, నేను సెప్పనూ లేదు."

"అలాంటామె దగ్గరికి పోతుంటే మూడు రూపాయలు అడుగుతావా?"

"నా గుర్రానికి ఆయమ్మ తెలీదు గదమ్మా!"

రెండు వైపులా వేరుశెనగ చేలు ఎండిపోయి ఉన్నాయి. పల్లె చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఆరాధన జరిగేది బోదగడ్డి కప్పిన గదిలో. ముందు వరుసలో పిల్లలు, ఒక మూల వెడల్పు మూతి కుండ, దానిమీద ఎర్రగుడ్డ. వచ్చిన ప్రతి ఆడమనిషీ కుండ దగ్గర మోకరించి, గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి, తర్వాత వెళ్ళి కూర్చుంటోంది. గుడ్డ అంచు ఎత్తి తొంగి చూస్తే అడుగున కాసిని గింజలు మాత్రమే ఉన్నాయి. ఎవరెంత వేస్తున్నారో అక్కడికక్కడే తేల్చుకుందామని కుండను ముందుకు జరిపి, గుడ్డ తీసేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న కొలత పడిని పక్కన పెట్టాను.

కుండ దగ్గరికి వస్తున్నవాళ్ళు ఆగిపోయారు. చంటిబిడ్డను చంకనేసుకున్న సుగుణ అనే అమ్మాయి గడప దాకా వచ్చి, తెరిచిన కుండను చూసి వెనక్కి తిరిగింది. ముందు నిలబడి పాడిస్తున్న రత్నమ్మ పాట మధ్యలో ఆపి, గబగబా వచ్చి గుడ్డ కప్పేసింది.

"ఇది తియ్యొద్దు మ్మా. కొలిసేదుంటే ఆరాదన అయినాక కొలుసుకో." తర్వాత గడప వైపు చూసి గట్టిగా కేకేసింది. "మే సుగుణా! ఎండలో ఏం పని నీకు? నువ్వు లేకుంటే ఈళ్ళ పాట సూడు, కుంటెద్దు మాదిరి పోతా ఉండాది!"

అందరూ నవ్వారు. పాట మళ్ళీ మొదలైంది. సుగుణ వచ్చి మోకరించింది. గుడ్డ కిందికి వట్టిగా వెళ్ళిన చెయ్యి పిడికిలిగా బయటికి వచ్చి పైట కొంగులోకి పోయింది. పక్కనే ఉన్న ముసలమ్మ చెయ్యి పిడికిలిగా వెళ్ళి వట్టిగా వచ్చింది. నేను తప్ప ఎవరూ చూడలేదు. అందరి కళ్ళూ పాట మీదే ఉన్నాయి.

ఆరాధన అయ్యాక పడిని సంచిలో పెట్టేసుకుంటుంటే రత్నమ్మ దగ్గరికి వచ్చింది. "వానలు పడిన ఏడు ఏసినోళ్ళే ఇప్పుడు తీసుకుంటా ఉండారు. సిత్తూరుకు పంపేదానికి మిగల్లేదు మ్మా. నన్ను మార్సాలనుకుంటే మార్సండి. కుండను మటుకు ఈడ్నే ఉండనీండి."

"కుండా ఉంటుంది, నువ్వూ ఉంటావు" అన్నాను. ఆ వారమే సమాజంలో ఈ మాటే చెప్పి ఒప్పించాను. రత్నమ్మ జీతం ఇకమీద పెద్ద సంఘాల బియ్యం నుంచి వెళుతుంది.

మా పట్నం చర్చిలో ఇంట్లో బియ్యం నిండుకున్న మనిషి ఆ ఆదివారం ఆరాధనకే రాదు. రాలేదని గమనించేవాళ్ళూ తక్కువే. ఈ పల్లెలో అలాంటి రోజునే ఆమె తప్పకుండా రావాలి, వస్తుంది కూడా. పల్లె నుంచి ఏమొచ్చిందని చూసి అక్కడి పరిచర్య విలువ కట్టకూడదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. మీరూ వెళ్ళేటట్టయితే తిరుగు జట్కా ముందే మాట్లాడుకోండి, చేతిసంచిలో కాస్త బియ్యం తీసుకెళ్ళండి. పక్కామె గుడ్డ కింద చెయ్యి పెట్టేటప్పుడు మాత్రం మీరు పాట పాడుతూ ఉండండి.