వెనక సీటు ఫిర్యాదు

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవిలో నన్ను నరసరావుపేటలోని ఒక మోటార్‌సైకిల్ సర్వీస్ సెంటర్‌కు సూపర్‌వైజరుగా పంపారు. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేసి పాలిటెక్నిక్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. సర్వీస్ సెంటర్లో పని ఒక వరుసలో నడుస్తుంది. బల్ల దగ్గర అడ్వైజరు ఫిర్యాదు విని జాబ్ కార్డు రాస్తాడు. టెక్నీషియన్ బండి విప్పుతాడు. వాళ్లిద్దరికీ తేలనిది సూపర్‌వైజరు దగ్గరికి వస్తుంది. కోటేశ్వరరావు గారి బండి అలాగే నా దగ్గరికి వచ్చింది.

ఆయనది పిడుగురాళ్లలో సున్నం వ్యాపారం. కొన్నది టూరింగ్ బండి, అంటే దూర ప్రయాణాలకు తయారు చేసిన బరువైన మోటార్‌సైకిలు. ఆయన ఫిర్యాదు ఒక్కటే. భార్య నాగమణి గారు వెనక కూర్చుంటే కదిలేటప్పుడు పికప్ ఉండదు. మొదటి గేరులో ఈడ్చినట్టు పోతుంది. వేగం అందుకున్నాక ఏ ఇబ్బందీ లేదు. ఒంటరిగా వెళితే అసలే లేదు.

ఆ ఆదివారం స్నేహితుల జట్టుతో కలిసి, భార్యను ఎక్కించుకుని శ్రీశైలం వెళ్లాలని ఆయన ఆలోచన. దోర్నాల దాటాక ఘాట్ రోడ్డు. వంపులో ఎత్తు మీద ఆగి మళ్లీ కదలాలంటే ఇలాంటి బండితో ప్రమాదం. బండి బాగుపడకపోతే ఆమెను బస్సులో రమ్మని చెప్పేశాడట. తీర్పు తన చెవులతోనే వినాలని ఆమె కూడా సర్వీస్ సెంటర్‌కు వచ్చింది.

"పెళ్లైన కాణ్ణుంచి బండి మీద ఊరి పొలిమేర దాటించలా ఈయన," అని నాతో అంది. "ఇప్పుడు దాటిద్దామనుకుంటే బండికి నీరసమొచ్చిందంట. ఏందయ్యా ఇది?"

"నీరసం బండికి కాదులే," అన్నాడు ఆయన గోడకేసి చూస్తూ.

"అంటే? ఏందో తెగేసి చెప్పు!"

ఆయన బండి తాళం నా చేతిలో పెట్టాడు.

ఇలాంటి ఫిర్యాదుకు నేనొక క్రమం పెట్టుకున్నాను. ముందు టైర్లలో గాలి. తర్వాత బండిని స్టాండు మీద లేపి వెనక చక్రం చేత్తో తిప్పి, బ్రేకు పట్టుకుంటోందా అని చూడడం. తర్వాత క్లచ్ లీవరులో ఉండాల్సిన కాస్త వదులు. ఆపైన చైను, మనుషులు కూర్చున్నప్పుడు అది బిగుసుకుంటుంది కాబట్టి బరువు వేసి మరీ చూడాలి. చివరగా స్కానరు తగిలించి ఇంజను కంప్యూటర్‌లో లోపాల సంకేతాలు చదవడం. అన్నీ సరిగానే ఉన్నాయి. ఎయిర్ ఫిల్టరు మాత్రం సున్నపు దుమ్ముతో తెల్లగా పేరుకుపోయి ఉంది. ఇదే దొంగ అనుకుని మార్చాం. ఆ సాయంత్రం ఆయన భార్యను ఎక్కించుకుని చూసి, ఏ మార్పూ లేదని ఫోన్ చేశాడు.

మర్నాడు ఇద్దరూ మళ్లీ వచ్చారు. నేను బండి తీసుకుని, మా సీనియర్ టెక్నీషియన్ జానీ భాయ్‌ని వెనక ఎక్కించుకుని రైల్వే ఓవర్‌బ్రిడ్జి మీదికి వెళ్లాను. జానీ భాయ్ భారీ మనిషి. వాలు మధ్యలో ఆపి కదిలించాను. బండి చక్కగా దూకింది. తిరిగి వచ్చి, బండిలో లోపం కనిపించలేదని చెప్పాను.

కోటేశ్వరరావు గారు భార్య వైపు తిరిగి, "చూశావుగా? ఇంక బస్సు టిక్కెట్ తీయించమంటావా?" అన్నాడు.

ఆమె జానీ భాయ్‌ని పైనుంచి కిందికి చూసింది. "ఏమనుకోబాక అన్నా, నువ్వు సున్నం బస్తాలు రెండేసినట్టున్నావు. నిన్ను లాగిన బండి నన్ను లాగదా?"

"లాగకేం అక్కా!" అని జానీ భాయ్ పొట్ట నిమురుకుంటూ నవ్వాడు. "నీకంటే చానా ఎక్కువే ఉంటా."

ఆమె లెక్కలో తప్పు లేదు. బరువు కారణమైతే జానీ భాయ్‌తో ఇంకా మొరాయించాలి. బరువు కాకపోతే, మా ఇద్దరి ప్రయాణానికీ వాళ్లిద్దరి ప్రయాణానికీ మధ్య ఉన్న తేడా ఏదో కారణం. వాళ్లిద్దరినీ అదే వాలు మీదికి వెళ్లమని, మరో బండి మీద వెనకే వెళ్లాను.

చీర కట్టుకున్న ఆమె, ఇక్కడి ఆడవాళ్లందరిలాగే, రెండు కాళ్లూ ఎడమ పక్కకు వేసి కూర్చుంది. వాలు మధ్యలో ఆపి కదిలారు. బండి మూలిగింది. దాని వెనక ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. బ్రేకు తొక్కితేనే వెలిగే దీపమది. వేగం అందుకున్నాక ఆరిపోయింది.

పక్కగా కూర్చున్న మనిషి బరువు ఎడమకు లాగుతుంది. కదిలే క్షణంలో బండి ఒరగకుండా ఆయన కుడికాలిని గట్టిగా కిందికి అదుముతున్నాడు. ఆ పాదం కింద ఉన్నది వెనక బ్రేకు పెడలు. ఊళ్లు తిరగడానికని కొన్న మందపాటి బూట్లలోంచి అది ఆయనకు తెలియడం లేదు. బండి సాగాక బ్యాలెన్సు కుదిరి కాలు తేలికవుతుంది. జానీ భాయ్ రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చున్నాడు కాబట్టి నాకు అలా అదమాల్సిన పనే పడలేదు.

బ్రిడ్జి దిగి ఆగాక వెనక చక్రం బ్రేకు డిస్కు మీద వేలు పెట్టమన్నాను. ఆయన పెట్టి, కాలేసరికి చటుక్కున తీశాడు.

"అంటే నన్ను ఎక్కించుకుని బ్రేకు తొక్కుతున్నావా?" అంది ఆమె.

"కావాలని తొక్కానా ఏంది?"

"ఇన్నాళ్లూ చేసిందంతా అదేగా!"

ఆయనకూ నవ్వు ఆగలేదు. సర్వీస్ సెంటర్‌కు తిరిగి వచ్చాక పెడలును కొంచెం కిందికి దించి, పాదం ఫుట్‌రెస్టు మీద వెనక్కి పెట్టడం చూపించాను. ఘాట్ మీద రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చోవడమే క్షేమమని ఆమెతో అన్నాను. చీరతో ఎట్టా కుదురుద్దని ఆయన సందేహం. "నా కూతురి పంజాబీ డ్రెస్సు ఉంది, నువ్వు రోడ్డు చూడు," అని ఆమె సమాధానం. మా ఆవరణలోనే చీర కుచ్చెళ్లు కాస్త ఎగదోసి, జానీ భాయ్ కూర్చున్నట్టే కూర్చుంది. బండి మొదటి గేరులోనే దూకింది. ఆమె వేసిన కేక విని పక్క టీకొట్టు వాళ్లు బయటికొచ్చారు.

ఆదివారం ఇద్దరూ బండి మీదే శ్రీశైలం వెళ్లారు. ఆ వారం నుంచి మా అడ్వైజరు ఫిర్యాదు రాసుకునేటప్పుడు మరో ప్రశ్న అడగసాగాడు: వెనక ఎవరు కూర్చుంటారు, ఎలా కూర్చుంటారు? లోపం కనిపించలేదు అనే మాటకు అర్థం మేం నడిపినప్పుడు కనిపించలేదు అని మాత్రమే. ఫిర్యాదు ఏ మనుషులతో వచ్చిందో ఆ మనుషుల్నే ఎక్కించి నడిపించాకే ఆ మాట రాయాలి.