మా అత్తమ్మ నీళ్ల తొవ్వ

మా అత్తమ్మ పోయిన సంగతి నాకు మంచిర్యాలలో ఒక ఎస్టీడీ బూత్‌లో తెలిసింది. తమ్ముడి పెళ్లికని పుట్టింటికి వెళ్లాను. సాయంత్రం బండికి బయల్దేరుతున్నానని చెప్పడానికి చంద్రపూర్‌కు ఫోన్ చేశాను. మా ఆయన ఎత్తాడు. "అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి మల్ల ఒరిగింది, ఇగ లేవలే. నువ్వు రా," అన్నాడు. ఎదురుగా మీటరు మీద ఎర్ర అంకెలు మారుతున్నాయి. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. ఆయన ఫోన్ పెట్టేశాక కూడా రిసీవర్ చెవి దగ్గరే ఉంచుకున్నాను. బూత్ నడిపే ఆవిడ అద్దం మీద వేలితో కొట్టి, "అయిపోయిందామ్మా?" అని అడిగింది. అయిపోయిందన్నాను. బయటికి వస్తూ ఆమె కూర్చున్న కుర్చీని చూశాను. అలాంటి కుర్చీ నాకూ ఒకటి ఉండేది. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది అత్తమ్మ ముఖం కాదు, ఆ కుర్చీ.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. వచ్చినవాళ్లు నన్ను పట్టుకొని ఏడ్చారు, నేను వాళ్లకు మంచినీళ్లు ఇచ్చాను. ఆమె గురించి నాలుగు మాటలు రాస్తే మనసు కదులుతుందేమోనని కూర్చున్నాను. ఇక్కడ మా పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చదవలేరు, మా అమ్మాయికి దీన్ని నేనే చదివి వినిపించాలి.

ఆ రోజు రైల్లో కూడా నేను మామూలుగానే కూర్చున్నాను. బల్లార్షా చేరకముందు వార్ధా నది వంతెన వస్తుంది. అత్తమ్మ తోడుంటే ఆ వంతెన దగ్గర నన్ను నిద్రలోంచి లేపైనా సరే కిటికీ దగ్గరికి లాగేది. "సూడు పిల్లా, మన గల్లీ నీళ్లు గూడ గిండ్లనే ఉన్నయి," అనేది. మా గల్లీ మురుగును అంత దూరంలో నదిలో గుర్తుపట్టి పలకరించే మనిషిని నేను మరొకరిని చూడలేదు. నాకు నవ్వొచ్చేది, పక్కనున్నవాళ్లు వింటున్నారేమోనని సిగ్గు కూడా వేసేది. ఆ రోజు వంతెన మీద ఎవరూ ఏమీ అనలేదు. నది ఎండిపోయి ఒక పక్కగా సన్నగా పారుతోంది.

ఆమె జివతి గుట్టల్లో పుట్టింది. ఆ ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. "మా ఊరు ఎవలదో సర్కార్లకు ఇంక తెల్వకపాయె. వాననీళ్లను అడుగు, గుట్ట మీద పడంగనే ఎటు పోవాల్నో వాటికి ఎర్కే," అని నవ్వేది. పెళ్లయి చంద్రపూర్‌లోని ఈ తుకుం పేటకు వచ్చింది. మా మామ పోయాక కిరాణా దుకాణం ఆమే నడిపింది. ముందు దుకాణం, వెనక ఇల్లు, పెరట్లో బావి. ఎండాకాలం నల్లా రాని రోజుల్లో గల్లీ అంతా ఆ బావి నీళ్లే తోడుకునేది. దుకాణానికీ పక్కింటి గోడకూ మధ్య బండి పట్టేంత సందు ఒకటి ఉంది. పైనుంచి వచ్చే వాననీళ్లు ఆ సందులోంచి వెళ్లి మా ఇంటి వెనక నాలాలో పడతాయి. పది నెలలు అది ఎండిపోయి ఉంటుంది. పిచ్చి మొక్కలు, మేకలు, అప్పుడప్పుడు ఒక సైకిలు.

ఆ సందులోనే నేను బూత్ పెట్టుకోవాలనుకున్నాను. అప్పుడు ఏ మలుపులో చూసినా పసుపు బోర్డులు లేస్తున్నాయి. పవర్ స్టేషన్‌లో, పేపర్ మిల్లులో పనిచేసే మనవాళ్లంతా ఇంటికి మాట్లాడటానికి రాత్రి రేటు తగ్గేదాకా కాచుకుని వరుసలో నిలబడేవారు. నేను ఇంటర్ చదివాను, తెలుగు, హిందీ, మరాఠీ మూడూ వచ్చు. దుకాణంలో పప్పు కొలిచే కోడలిగా కాకుండా, నాదంటూ ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పని కావాలని ఉండేది. అత్తమ్మను అడిగితే సందు వైపు చాలాసేపు చూసింది. తర్వాత, "కట్టుకో," అంది. మేస్త్రీని కూడా తనే పిలిపించింది. లైను రాకముందే నేను కుర్చీ కొనేశాను.

గోడలు లేచాయి, అద్దం బిగించారు. అప్పుడే మృగశిర కార్తె వచ్చి మిరుగు వాన దంచి కొట్టింది. మాకు మొదటి వాన నల్లగా వస్తుంది. ఎండాకాలమంతా ఇళ్ల కప్పుల మీద, చెట్ల మీద పేరుకున్న బొగ్గు పొడి, పద్మాపూర్ బొగ్గు గనుల నుంచి వచ్చే లారీల దుమ్ము, పైన కొత్త లేఅవుట్‌లోని షెడ్డు దగ్గర కారిన ఇంజన్ నూనె, మేకల పెంట, అన్నీ కలిసి ఒక్కసారిగా కిందికి వస్తాయి. లేఅవుట్‌లో సిమెంటు రోడ్లు వేశాక ఆ నీళ్లు ఇంకే చోటు లేక మరీ జోరుగా వస్తున్నాయి. అలా వచ్చి నా బూత్ గోడకు కొట్టుకుని, పక్కకు తిరిగి, మా పెరట్లోకి దూరి బావి చుట్టూ మడుగు కట్టాయి. బావి గచ్చుకు పగుళ్లున్నాయి. రాత్రంతా ఆ నీళ్లు లోపలికి దిగాయి. వారం తిరక్కుండా గల్లీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఎదురింటావిడను అందరం మరాఠీలో తాయి, అంటే అక్క, అంటాం. ఆమె కూతురికి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. మరాఠీ వాళ్లే గానీ ఆ పిల్ల పొద్దస్తమానం మా ఇంట్లోనే ఆడుకునేది. అది బతికి బట్టకట్టింది, ఇప్పుడు బడికి పోతోంది.

ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయిన రోజే అత్తమ్మ బావి మీద చెక్కలు వేయించింది. కట్టిన మేస్త్రీనే మళ్లీ పిలిచి నా బూత్ కూలగొట్టించింది. నన్ను ఒక్క మాట అడగలేదు. గోడకు వేసిన నీలం రంగు ఇంకా సరిగ్గా ఆరలేదు. నేను గడపలో నిలబడి చూశాను. అద్దం మాత్రం పగలకుండా తీయించి, పాత చీర చుట్టి లోపల పెట్టించింది.

నేను ఆమెతో మాటలు మానేశాను. పిల్ల ప్రాణం మీదికి వచ్చిందని నాకు తెలియదా? తెలుసు. అయినా కోపం కోపమే. ఉప్పుందా అంటే ఉంది, పప్పు వేయనా అంటే వెయ్యి, అంతే. ఒక మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు ఆమే కదిలింది.

"ఏం పిల్లా, ఇంక దిగలేదా కోపం?"

"నాకేం కోపం అత్తమ్మా. మీ జాగ, మీ గోడ."

ఆమె ఒక ఖాళీ గోనె సంచి నేల మీద పరిచింది. దాని కింద తూకం రాళ్లు అక్కడక్కడ పెట్టి గుట్టల్లా లేపింది. నన్ను చేయి పట్టి కూర్చోబెట్టి, గుప్పెడు ఆవాలు పైనుంచి వదిలింది. అవి జరజరా జారి మడతలన్నీ దాటుకుంటూ ఒకే చోటుకు చేరాయి. "ఇది లేఅవుట్. ఇది మన గల్లీ. గియ్యి ఎవ్వల మాట ఇనయి. ఎత్తు యాడుంటె ఆడికెల్లి పల్లంకే పోతయి," అంది. తర్వాత ఆ మడతకు అడ్డంగా అగ్గిపెట్టె పెట్టింది. "ఇది నీ బూతు." పక్కన చాయ్ గ్లాసు పడుకోబెట్టింది. "ఇది బాయి." మళ్లీ ఆవాలు వదిలింది. అవి అగ్గిపెట్టె దగ్గర తిరిగి గ్లాసులోకి దొర్లాయి.

ఆమె ఆవాలు ఏరుతూ తల ఎత్తకుండానే అంది. "నాకు ఎర్క లేక గాదు పిల్లా. గుట్టల మీద పుట్టిన్దాన్ని, నీళ్లు పొయ్యే తొవ్వ ఎర్క లేకుంటదా? నువ్వు అడిగిన రోజే తెల్సు. నీ మొకం జూసి కాదనబుద్ధి కాలే. ఊకున్న. నా తప్పుకు ఎదురింటి పోరి సావు దాక పొయ్యొచ్చింది."

మర్నాడు పొద్దున నా కుర్చీ తెచ్చి గల్లా పెట్టె దగ్గర వేసింది. "ఇగ లెక్కలు నువ్వు జూసుకో," అని తను వెళ్లి ఉప్పు బస్తా మీద కూర్చుంది. పోయేదాకా అక్కడే కూర్చుంది. నాకు కావాల్సింది అది కాదని ఆమెకు తెలుసు. ఇవ్వగలిగింది అదేనని నాకూ తెలుసు. మేమిద్దరం ఆ మాట ఎప్పుడూ ఎత్తుకోలేదు.

ఆ తర్వాత సందును ఆమె ఇంట్లో మనిషిలా చూసుకుంది. పై మొదట్లో కంకర పోయించింది. నడుమ గరిక, పక్కల మెట్టతామర నాటింది. జోరుగా వచ్చిన నీళ్లు ఆ మొక్కల్లో పడి నెమ్మదించేవి, నల్ల మట్టిని అక్కడే దింపేసి కాస్త తేరుకుని నాలాలోకి వెళ్లేవి. "పరుగెత్తే నీళ్లు మట్టిని మోసుకపోతయి. జర నిలవెడితె దించి పోతయి," అనేది. బావి గచ్చు పగుళ్లు పూడ్పించి గట్టు ఎత్తు చేయించింది. మొదటి వాన పడితే చాలు, గోనె సంచిని కొప్పెరలా నెత్తిన వేసుకుని పార పట్టుకుని సందులో దిగేది. ఎక్కువగా అడ్డుపడేవి షాంపూ పొట్లాలు, గుట్కా కవర్లు. దుకాణంలో దండల్లా వేలాడదీసి అమ్మేది మేమే. "అమ్ముడు మనదే, ఏరుడు మనదే," అని నా వైపు చూసి కన్నుగీటేది. ఎవరైనా మోరీలో నూనె పారబోస్తే మాత్రం ఊరుకునేది కాదు. ఆమె అక్కను ప్రాణహిత ఒడ్డున ఒక ఊరికి ఇచ్చారు. "ఈ నీళ్లు నాలాలకెల్లి ఇరై నదిల పడతయి, ఇరై వార్ధాల, వార్ధా ప్రాణహితల. నువ్వు ఈడ పారబోసింది మా అక్క ఆడ బిందెతోని ముంచుకుంటది," అని వాళ్ల ఇంటి ముందే నిలబడి అడిగేది.

వాన వెలిసిన రాత్రి బావిలోంచి చేదతో నీళ్లు తోడి, ఒక గాజు గ్లాసులో పోసి పిట్టగోడ మీద పెట్టేది. పొద్దున దాన్ని వెలుతురుకు ఎత్తి అడుగున ఏం దిగిందో చూసేది. ఒక గుక్క నోట్లో పోసుకుని నూనె వాసన ఉందేమో చూసి ఉమ్మేసేది. ఎదురింటి తాయి తన వాకిట్లోంచి, "ఆయీ, గ్లాస్ కాయ్ మ్హణ్‌తో?" అని అరిచేది, అంటే అమ్మా, గ్లాసు ఏమంటోందని. బాగా లేకపోతే అత్తమ్మ బావి మీద చెక్క వేసి, బ్లీచింగ్ పౌడర్ వేసేవాళ్లకు కబురు పంపేది. బాగుంటే, "బాగనే ఉన్నయంటుంది. అయినా కాంచుకొని తాగు," అనేది, మరిగించుకోమని. ఎప్పుడూ అదే జవాబు.

దినాలు అయిపోయిన మర్నాడు మా ఆయన సిమెంటు బస్తాలు తెచ్చి సందు పక్కన దింపించాడు. "ఇగ నీ బూతు నీకు కట్టిస్త. జిరాక్స్ మిషన్ గూడ పెడుదాం," అన్నాడు. నన్ను సంతోషపెట్టాలనే అన్నాడు, తల్లి పోయిన బాధలో ఏదో ఒకటి చేయాలని కూడా. నేను సరేననలేదు, వద్దనలేదు. ఆ రోజుల్లో నాకు ఎవరు ఏమన్నా దూరం నుంచి వినిపించేది. చీర చుట్టిన అద్దం ఇంకా లోపలే ఉంది. నేను వెళ్లి చూశాను కూడా.

మూడో పూట మబ్బు పట్టింది. మా ఆయన బజారుకు వెళ్లాడు. ఉరుము వినిపించినప్పుడు నేను గల్లా దగ్గర కుర్చీలో ఉన్నాను. ఉప్పు బస్తా మీద ఆమె కూర్చున్న గుంట అలాగే ఉంది. చినుకులు మొదలయ్యాయి. లేచాను. తలుపు వెనక తాటిపత్రి ఉంది, గోనె సంచి ఉంది, పార ఉంది. తాటిపత్రి తీసుకోవాలి, బస్తాల మీద కప్పాలి. నాకు తెలుసు. చేయి గోనె సంచి మీదికి వెళ్లింది. అది కావాలని చేశానా, మొద్దుబారిన మెదడుతో చేశానా అని అడిగితే నేను చెప్పలేను. సంచి నెత్తిన వేసుకుని సందులో దిగి పొట్లాలు ఏరాను. నల్ల నీళ్లు పైనుంచి వచ్చాయి, కంకర దాటాయి, మెట్టతామరల్లో పడి నెమ్మదించాయి. నా పాదాల మీంచి చల్లగా వెళ్లిపోయాయి.

మా ఆయన తడిసి ముద్దయి వచ్చాడు. "సిమెంటు అంత నాశనమాయె! కప్పొద్దానే?"

"తడిసింది," అన్నాను.

ఆయన నా నెత్తి మీది సంచిని చూశాడు, చేతిలో పారను చూశాడు. రెండు రోజులకు బస్తాలన్నీ బస్తాల ఆకారంలోనే రాళ్లయ్యాయి. వాటిని సందు పై మొదట్లో అడ్డంగా మెట్లలా దొర్లించమన్నాను. ఇద్దరు మనుషులు కలిసి దొర్లించారు. ఇప్పుడు వాననీళ్లు వాటి మీంచి ఒక్కో మెట్టు దిగి వస్తున్నాయి.

ఆ వాన రాత్రి గ్లాసు పిట్టగోడ మీద పెట్టింది నేనే. పొద్దున వెలుతురుకు ఎత్తి చూస్తున్నాను. ఎదురింటి తాయి వాకిలి ఊడుస్తూ అలవాటుగా, "ఆయీ, గ్లాస్ కాయ్ మ్హణ్‌తో?" అని అరిచింది. అరిచాక గుర్తొచ్చి, చీపురు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. నూనె వాసన లేదు. ఉమ్మేశాను.

"బాగనే ఉన్నయంటుంది తాయీ," అన్నాను. "అయినా కాంచుకొని తాగు."