మైసమ్మ కోడీ, మా కుక్కా

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, అంటే ఎనభైల నాటి మాట, ఆలేరులో మా వాడకట్టును నిద్రలేపేది పక్కింటి అవ్వ పెంచిన పుంజు. అది కూసే తీరే వేరు. సగం కూత దాకా బాగానే లాగేది. అక్కడ దగ్గొచ్చిన ముసలాయనలాగా ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచీ ఎత్తుకునేది. చిన్న పిల్లగా ఉన్నప్పుడు దాన్ని గద్ద తన్నుకుపోబోతే అవ్వ చాట విసిరి విడిపించిందట. అప్పుడు గొంతులో గోరు దిగింది. ఆ కూత వినగానే నవ్వు వచ్చేది నాకు. నవ్వుతూ లేచిన రోజు పని ఎంతున్నా బరువనిపించదు.

అవ్వ ఆ పుంజును "కొడుకా" అని పిలిచేది. సొంత కొడుకును మాత్రం "వాడు" అనేది. అతను దర్జీ. ఇంటి ముందర అర్రలోనే మిషన్ కుట్టేవాడు. "మా అమ్మకు ఇద్దరు కొడుకులం, చిన్నోడంటేనే పానం" అని బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు.

మా ఇంట్లో మనుషులు తక్కువ. అత్త నా పెండ్లికి ముందే పోయింది. మా ఆయనకు సికింద్రాబాద్‌లో పని. శనివారం సాయంత్రం ప్యాసింజర్‌కు వచ్చి సోమవారం పొద్దున వెళ్లిపోయేవాడు. మిగిలిన రోజులన్నీ నేనూ మా మామా. మామ మాటలు కొలిచి కొలిచి వాడే మనిషి. పొద్దున్నే ఊరవతల మా చెల్క చేనుకు పోయేవాడు, ఎండెక్కాక వచ్చేవాడు, పెట్టింది తిని అరుగు మీద కూర్చునేవాడు. పెరట్లో బట్టలు ఆరేసుకోవడానికి దండెం కట్టించమని వచ్చిన నెలలోనే అడిగాను. వినిపించనట్టు కూర్చున్నాడు. మళ్లీ అడిగాను. మళ్లీ వినిపించలేదు. నాకేమో నోరు ఊరుకోదు. మాట్లాడకపోతే అన్నం అరగదు. అందుకే మొదటిసారి అమ్మగారింటికి పోయి వచ్చేటప్పుడు ఒడిబియ్యంతో పాటు సంచిలో ఒక కుక్కపిల్లను పెట్టుకుని వచ్చాను. మామ ఆ సంచిలోకి తొంగి చూసి, ఒడిబియ్యంతోటి కుక్కను తెచ్చిన కోడలిని తన జన్మలో చూడలేదన్నాడు. ఆ తరువాత షరతు పెట్టాడు.

"ఉండనియ్యి. గని ఎవలి కోడినన్న ముట్టిందనుకో, గా దినమే గూడ్సు బండి ఎక్కిస్త."

స్టేషన్ మాకు కూతవేటు దూరం. గూడ్సు బండ్లు గంటలకొద్దీ ఆగి ఉండేవి. ఖాళీ డబ్బాలో పడేస్తే ఏ కాజీపేట అవతలో దిగుతుంది, తిరిగి రాలేదు. ఆ మాట ఉత్తుత్తిగా అనలేదు ఆయన. ఆయన ఏదీ ఉత్తుత్తిగా అనడు.

కుక్కకు పేరు పెట్టలేదు. "ఓయ్" అంటే వచ్చేది. అది పెరిగిందే గాని దానికి కుక్క బుద్ధులు పెద్దగా రాలేదు. పక్కింటి పుంజు గోడ దూకి వచ్చి దాని గిన్నెలో మెతుకులు ఏరుకుని తింటుంటే పక్కకు జరిగి కూర్చునేది. మధ్యాహ్నం రెండూ నిమ్మచెట్టు నీడలో పడుకునేవి. నేను అంట్లు తోముతూ మామ మీదున్న చాడీలన్నీ వాటికి చెప్పేదాన్ని. రెండూ బాగా వినేవి.

ఇదంతా బాగానే ఉంది, ఒక్క సంగతి తప్ప. ఆ పుంజు మైసమ్మది. పోయిన వానాకాలం అవ్వ మనవడికి జ్వరం ముదిరి దవాఖానలో పడుకోబెట్టారు. కండ్లు తెరవడం లేదు. అవ్వ ఇంటికి వచ్చి, పిల్లగాడు లేస్తే ఇంట్లో ఉన్న పుంజును ఇస్తానని మైసమ్మకు మొక్కుకుంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పుంజే. పిల్లగాడు లేచాడు, ఆడుతున్నాడు. ఇక బోనాలు దగ్గర పడ్డాయి, మొక్కిన పుంజునే ఇవ్వాలని అవ్వ కొడుకు పట్టుబట్టాడు. అవ్వకు అన్నం సహించడం లేదు. "మొక్కిన నోరూ నాదే, సాదిన చెయ్యీ నాదే, ఎవలిననాలె బిడ్డా" అని నా దగ్గర ఒకసారి అని కండ్లు ఒత్తుకుంది. 

బోనాలు వారంలో ఉన్నాయనగా ఒక పొద్దున నాకు మెలకువ రాలేదు. లేచేసరికి ఎండ వాకిట్లోకి వచ్చేసింది. ఎందుకింత ఆలస్యమైందా అనుకుంటే అప్పుడు తట్టింది, పుంజు కూయలేదు. పెరట్లోకి పోయి చూస్తే కుక్క నిమ్మచెట్టు కింద హాయిగా పడుకుని ఏదో నములుతోంది. దగ్గరికి పోయాను. నోటినిండా ఈకలు! నలుపులో పచ్చ మెరిసే తోక ఈకలు. ఆ తోకను రోజూ చూసేదాన్ని, పోల్చుకోకుండా ఉంటానా? నా పానం పోయినంత పనైంది. దాని దవడలు విప్పి చూశాను, మూతి వాసన చూశాను. నెత్తురు కనపడలేదు. కడుక్కునే తెలివి దానికి లేదు కదా అని ఒక మనసు, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలని ఇంకో మనసు. అదేమో తోక ఊపుతోంది. నెత్తిన ఒక్కటి మొట్టాను. ఇంకా ఊపింది.

దాచుదామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. కాని ఈకలు పొయ్యిలో వేస్తే ఆ కమురు వాసన వాడంతా చెప్పేస్తుంది. పైగా గోడ అవతల అవ్వ కోడలు "బా బా బా" అని పుంజును పిలుస్తూ తిరుగుతోంది. మామ చెల్క నుంచి రాకముందే, వేరే నోటి నుంచి పోకముందే, నేనే పోయి చెప్పాలి. అవ్వ కాళ్లు పట్టుకుంటే అవ్వే మామకు సర్దిచెప్తుందేమో. ఈకలు కొంగులో మూటగట్టుకుని పోయాను.

అవ్వ వెనక పంచలో చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. రోజూ చూడగానే "తిన్నవా బిడ్డా" అనే మనిషి ఆ పొద్దు తల ఎత్తలేదు. నేనే ఎదురుగా చతికిలబడ్డాను.

"అవ్వా, నీ కోడిని మా కుక్క పట్టిందేమో. నోట్లె ఈకలున్నయి. నేనైతే కండ్లార సూడలే గని, గదే అయ్యుంటది."

కొంగు విప్పి ముందర పెట్టాను. శాపనార్థాలు పెడుతుంది, గుండెలు బాదుకుంటుంది అనుకున్నాను. అవ్వ ఆ ఈకలను ఒక్కొక్కటీ అటూ ఇటూ తిప్పి చూసి, ఇవి తప్ప ఇంకేమైనా దొరికిందా అని అడిగింది. లేదన్నాను. నెత్తురు? లేదన్నాను. ఊపిరి వదిలి, చాట పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుంది.

"మంచిగైంది. గీ మాటే పోయి మావోని ముంగట జర గట్టిగ చెప్పు."

ముసలిదానికి దుఃఖంతో మతి పోయిందనుకున్నాను. మతి ఏం పోలేదు, నాకంటే నాలుగు రెట్లు ఎక్కువే ఉంది. గుసగుసగా సంగతంతా చెప్పింది. తెల్లవారకముందే పుంజును గంపలో పెట్టుకుని మసీదు వెనక గాజులమ్మే ఆమె ఇంట్లో దాచి వచ్చింది. ఆమె ముస్లిం, అవ్వకు చిన్ననాటి స్నేహితురాలు. మైసమ్మ మొక్కుతో ఆ ఇంటికి పని లేదు, అక్కడ ఎవరూ వెతకరు. వచ్చేటప్పుడు పుంజు తోకలో ఈకలు నాలుగు పీకి, కోళ్ల గూళ్ల మీద పడే జంగపిల్లి ఎత్తుకుపోయినట్టు సందులో చల్లింది. మొక్కు కోడి దానంతట అది పోతే, అమ్మే తీసుకుపోయిందని మా వైపు పెద్దలు అంటారు. దాని బదులు ఇంకో కోడిని ఇస్తే సరిపోతుంది. అంతా కుదిరింది. ఒక్క మా కుక్కే, సందులో దొరికిన ఈకలు ఏరుకుని వచ్చి మధ్యలో దూరింది.

ముందు నవ్వొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది.

"నీ కోడి బతకాలంటే నా కుక్క గూడ్సు బండి ఎక్కాల్నా అవ్వా?"

అవ్వ నెత్తి కొట్టుకుంది. మామ పెట్టిన షరతు ఆమెకు తెలియనిదా, వాడంతా తెలుసు. తన పుంజు ధ్యాసలో పాపం గుర్తుకు రాలేదు. నేను అంతటితో ఊరుకున్నానా? అమ్మవారికే అబద్ధం చెప్తావా, రేపు పిల్లగానికి ఏమన్నా అయితే ఏం చేస్తావని కూడా అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అవ్వ కోపం తెచ్చుకోలేదు.

"అమ్మకు నేనేం అబద్ధం చెప్పలే. పొద్దుగాలనే పోయి గుడి ముంగట ఉన్నదున్నట్టు చెప్పుకున్న. అమ్మ గూడ పిల్లలను సాదిందే గద, సమజైతది. అబద్ధమంత మావోనికే."

నేను లేచి కొంగు దులుపుకున్నాను.

అప్పుడే మా వాకిట్లో మామ గొంతు వినిపించింది. నేను ఉరికాను. కుక్క నోటి ఈకలను నేను మూటగట్టడం అవ్వ కోడలు గోడ మీది నుంచి చూసిందట, ఎదురొచ్చిన మామకు నాకంటే ముందే చెప్పేసింది. మామ మెల్లిగా చెప్పులు విడిచి, చిలకకొయ్యకున్న తాడు తీసుకున్నాడు. అరవలేదు, తిట్టలేదు. ఆయన తిడితే నాకు కొంచెం ఆశ ఉండేది. కుక్క తాడు చూసి ఆట అనుకుని ఆయన చుట్టూ గంతులేస్తోంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. అది తినలేదు మామా అన్నాను. మరి ఈకలెక్కడివని అడిగాడు. ఉన్నది చెప్తే పుంజు మైసమ్మ గుడికి పోతుంది. చెప్పకపోతే కుక్క గూడ్సు బండికి పోతుంది. జీవితంలో మొదటిసారి నాకు మాట పడిపోయింది.

ఇంతలో అవ్వ వచ్చింది. వెనక కొడుకు మెడలో టేపుతో, కోడలు, ఇంకో నలుగురు.

"తమ్మీ, తాడెందుకు పట్టినవ్? గా కుక్కకు దండం పెట్టాలె. జంగపిల్లి నా కోడిని ఎత్కపోతాంటే ఎన్కవడి ఉరికింది అదొక్కతే. దాని నోట్లెకెంచి గుంజితే ఈకలొచ్చినయి గని కోడి రాలే."

ఆమె చెప్తుంటే ఆ జంగపిల్లి పెరుగుతూ పోయింది. మొదట పిల్లి అంత ఉన్నది, సర్కారు తుమ్మ పొదల దాకా పోయేసరికి దూడంత అయింది. నాకు తెలిసీ నేనే నమ్మబోయాను. మామ అంతా విని, వంగి కుక్క మూతి, కాళ్లు చూశాడు. ఇంత కొట్లాట జరిగితే ఒక్క గాయమూ లేదేమని అడిగాడు. అవ్వ తడుముకోలేదు. మీ కుక్కను చూసి అది భయంతో ఉరికిందయ్యా, ఆగితే కదా గాయమయ్యేది అన్నది. మామ తాడు చుట్ట చుట్టి మళ్లీ చిలకకొయ్యకు తగిలించాడు. నేను లోపలికి పోయి, పొయ్యి దగ్గర కూర్చుని, కడుపునిండా ఏడ్చాను. సంతోషంతోనే.

బోనాలు బాగా జరిగాయి. దర్జీ అన్న వేరే పుంజును తెచ్చాడు, మొక్కు తీరింది, మనవడు వేపమండ పట్టుకుని అందరికంటే ముందు నడిచాడు. మాకూ గిన్నెడు కూర వచ్చింది. జంగపిల్లిని తరిమిన కుక్క అని, దానికి నమలడానికి దర్జీ అన్న బొక్కలు వేరేగా పంపాడు. వాడకట్టులో దాని గౌరవమే మారిపోయింది. పిల్లలు దాన్ని చూపించి తమ కుక్కలను తిట్టేవాళ్లు.

అంతా సద్దుమణిగిందనుకున్నాక ఒక తెల్లవారుజామున మసీదు వైపు నుంచి కూత వచ్చింది. సగం దాకా లాగి, దగ్గినట్టు ఆగి, మళ్లీ మొదలు. దుప్పట్లో బిగుసుకుపోయాను. వాడంతా వినే ఉంటుంది. కాని ఎవరూ ఏమీ అనలేదు. ఎవరో అడిగితే గాజులామె తన కోడికి సర్ది అయిందన్నదట. సర్ది ఎన్ని నెలలుంటుందమ్మా? అవ్వ మాత్రం దినానికోసారి గాజులు చూసి వస్తానని పోయేది. ఆమె చేతికి ఒక్క కొత్త గాజూ వచ్చింది లేదు.

అవ్వతో పెద్ద చిక్కు లేదు. కుక్కతోనే వచ్చింది. ఆ కూత వినపడగానే చెవులు నిక్కబొడుచుకుని గోడ దూకి మాయమయ్యేది, ఎండెక్కాక వచ్చేది. మామ రెండు మూడు పొద్దులు గమనించాడు. ఒకరోజు చెల్కకు పోవడం మానేసి, చేతికర్ర తీసుకుని దాని వెనకే బయలుదేరాడు. ఎక్కడికి మామా అంటే పలకలేదు. కోళ్ల దొంగతనం పట్టుకుందామని పోతున్నాడని తెలుస్తూనే ఉంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, చూసుకోలేదు.

ముందు మామ వచ్చాడు, వెనక కుక్క వచ్చింది. మామ కర్ర మూలకు పెట్టి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, తువ్వాలతో ముఖం చాలాసేపు తుడుచుకున్నాడు. అది చెమట తుడుచుకోవడం కాదని తరువాత అర్థమైంది, నవ్వు దాచుకుంటున్నాడు.

"పిల్లా, గా జంగపిల్లిని సూసొచ్చిన. నెత్తి మీద ఎర్ర జుట్టున్నది. గాజులామె ఇంటెన్క జొన్నలు తింటాంది. మన కుక్క పక్కన పండుకోని కావలి కాస్తాంది."

నేను కుక్క గిన్నె తెచ్చాను. కుక్కకు అన్నంలో జర పెరుగు కూడా వేయమన్నాడు. వేశాను. పెరట్లో ఏదో చప్పుడవుతుంటే పోయి చూశాను. మామ చిలకకొయ్య మీది తాడు తీసి, నిమ్మచెట్టుకూ గోడలోని మేకుకూ గుంజి కట్టి, నా చెయ్యి అందుతుందా లేదా అని అంచనా చూస్తున్నాడు. బట్టలు తెచ్చుకో అన్నాడు.