రెండు రోలర్ల మధ్య సందు

నలభై లీటర్ల బీరును, దాంతోపాటు ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ పరువును, పావు చుట్టు తిప్పి ఆపేసిన మనిషిని నేను. గేజ్ వాడలేదు, కళ్లజోడు పెట్టుకోలేదు. గోటితో కొలిచాను. తార్నాకలో ఈ పని చేయగలిగినవాడు ఇంకొకడుంటే చూపించండి, కాళ్లకు మొక్కుతాను.

ప్రొఫెసర్ అంటే మా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చెప్పిన పెద్దమనిషి. అక్కడి వర్క్‌షాపులోనే నేను ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేశాను. ఆయన విద్యార్థుల ప్రాజెక్టులకు కావలసిన ఇనుప సామానంతా నా చేతుల మీదుగానే వెళ్లేది. ప్రదర్శన రోజు బోర్డు మీద మాత్రం ఆయన పేరు, పిల్లల పేర్లు ఉండేవి. నాకు టీ వచ్చేది. ఇప్పుడు ఇద్దరం తార్నాకలోనే, రెండు వీధుల ఎడంలో ఉంటున్నాం. పొద్దున ఇంకొందరితో జట్టుగా క్యాంపస్‌లో నడుస్తాం. ఆయన నన్ను ఇప్పటికీ "ఏమయ్యా మిస్త్రీ" అంటాడు. నేను "సార్" అంటాను.

రెండేళ్ల కిందట ఆయనకు ఇంట్లో బీరు కాచే పిచ్చి పట్టింది. నడక జట్టులో దానికి కషాయం అని పేరు పెట్టుకున్నాం, చెట్ల కింద ఎవరు వింటుంటారో తెలియదు కదా. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ తెప్పించి మొదట మిక్సీలో వేశాడు. పిండి అయింది. లాలాపేటలో పిండి పట్టే గిర్నీకి పట్టుకెళ్తే అక్కడివాడు జొన్నలనుకుని ఇంకా మెత్తగా ఆడించి ఇచ్చాడు. చివరికి నా దగ్గరికి వచ్చాడు.

బార్లీని పిండి చేయకూడదు, పగలగొట్టాలి. లోపలి గింజ మూడు నాలుగు ముక్కలు కావాలి, పైపొట్టు మాత్రం చినగకూడదు. వేడినీళ్లలో నానబెట్టాక ఆ పొట్టే అడుగున జల్లెడలా పరుచుకుని రసాన్ని కిందికి దించుతుంది. పొట్టు నలిగితే అంతా అంబలిలా పట్టేస్తుంది, చుక్క దిగదు. సందు ఎక్కువైతే గింజ గింజలాగే బయటపడుతుంది, బీరు నీళ్లవుతుంది. అందుకని లాలాపేటలో తెలిసినవాడి లేత్ మీద రెండు రోలర్లు తిప్పి, గింజను పట్టుకునేలా గరుకు గీతలు కొట్టి, రెండు కొసలా రెండు మరలు పెట్టి మిల్లు చేసి ఇచ్చాను. మర బిగిస్తే రోలర్లు దగ్గరవుతాయి, వదిలితే దూరమవుతాయి. రెండు కొసలా సందు సమానంగా ఉండాలి, అదే అసలు పని. నా చేతుల్లోంచి అంతకంటే మంచి వస్తువు రాలేదు.

మొదటి కషాయం కుదిరింది. జట్టునంతా, ఇంటి ఆడవాళ్లతో సహా, ఇంటికి పిలిచాడు. నేను పైకి వెళ్లేసరికి మిల్లు బల్ల మీద ఉంది. అందరూ పిడి తిప్పి చూస్తున్నారు. "డిజైన్ అదిరింది" అన్నారెవరో. ప్రొఫెసర్ తల ఊపాడు. అంతే. నా ఊసే లేదు. ముప్పై ఏళ్ల బోర్డులన్నీ కళ్ల ముందు తిరిగాయి.

తిట్టను, అడగను అనుకున్నాను. ఆయన నమ్ముకున్న ఆ సందునే మూసేస్తాను.

పది రోజులు ఆగాను. పగ పెరుగులాంటిది, తోడు వేశాక కదపకూడదు. మిల్లుకు నూనె వేస్తానని ముందే చెప్పి, గురువారం మధ్యాహ్నం ఆయన నిద్రపోయే వేళకు వెళ్లాను. ఆయన భార్య తలుపు తీసింది. "ఎండన పడి వచ్చారు, కాఫీ తాగుతారా అన్నయ్యగారూ?"

ఇక్కడ నిజం చెప్పాలి. గోటితో కొలిచానన్నది ఉత్త కోత. జేబులో ఫీలర్ గేజ్ ఉంది, సందుల్లో దూర్చి కొలిచే సన్నటి ఇనుప రేకులు. కళ్లజోడు పెట్టుకున్నాను, అది చాలక ఫోన్ లైటు వేసుకున్నాను. పావు చుట్టు బిగించాను. భయమేసి వెనక్కి తిప్పాను. కాఫీ వచ్చింది. మంచి కాఫీ, మనసు మెత్తబడబోయింది. అంతలో గోడ మీద పాత ప్రదర్శన ఫోటో కనిపించింది. నేను చేసిన యంత్రం, దాని పక్కన ఆయన. మళ్లీ బిగించాను. రెండు కొసలా సమానంగా బిగించాను. పగలో కూడా పని పనే.

ఆదివారం పదింటికి ఫోన్. "ఏమయ్యా మిస్త్రీ, అర్జెంటుగా రా. చుక్క దిగట్లేదు."

పెళ్లికి పోయినట్టు వెళ్లాను. నలభై లీటర్లన్నాను కదా, పన్నెండు. అంతకంటే పెద్ద గిన్నె ఆయన దగ్గర లేదు. కానీ ఆ పన్నెండూ గడ్డకట్టాయి. ప్రొఫెసర్ లుంగీ ఎగగట్టి, మోచేతుల దాకా పిండితో, గరిటె పట్టుకుని నిలబడ్డాడు. జట్టు చుట్టూ చేరింది.

"దోసెలు పోసెయ్యండి సార్, చట్నీ మేం తెస్తాం," అన్నాడొకాయన.

నా కడుపు చల్లబడింది. అర నిమిషం.

"నన్నంటారేంటి?" ప్రొఫెసర్ గరిటె నా వైపు చూపించాడు. "మిల్లు చేసింది ఈయన. ఈయన్నడగండి."

అందరూ నా వైపు తిరిగారు. ఇన్నేళ్లకు నా పని నా పేరు మీద పడింది, అదీ చెడిపోయాక. నేనే మూశానంటే దొంగను. లేదంటే చేతకాని మిస్త్రీని. రెండింట్లో దొంగే నయమనిపించింది కానీ నోరు రాలేదు.

"మర ఎవరో కదిపిన్రు సార్. నా మిల్లుకేం కాలే," అన్నాను.

మరలు వదిలి, గుప్పెడు గింజలు వేసి, పిడి తిప్పి తెల్లకాగితం మీద పోశాను. పొట్టు పొట్టులా ఉంది, గింజ నాలుగు ముక్కలైంది. జట్టంతా వంగి చూసింది. ప్రొఫెసర్ ఒక పొట్టు ఎత్తి వెలుతురుకు పట్టి, "చెయ్యి పోలేదయ్యా నీకు," అన్నాడు. ఆ మాట మొదటి రోజే అని ఉంటే ఆ అంబలి గేదెల పాలయ్యేది కాదు.

నాకు పశ్చాత్తాపం లేదు. చెప్పాల్సిన చోట చెప్పలేదు, అనుభవించాడు. అందుకే ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. నా కోపానికి కారణం ఆమెకూ ఇన్నాళ్లూ చెప్పలేదు. చిక్కుడుకాయలు తుంచుతూ చివరిదాకా విన్నది.

"గీ దానికా నువ్వు పది దినాలు మూతి ముడుసుకున్నది?" అంది. "ఆ దినం మేం పోంగనే సారు అందరి ముంగట చెప్పిండు, మిల్లు మా మిస్త్రీ చేసిండు, నాకు గింత కూడ రాదని. అందరం ఇన్నం. నువ్వు కింద వాచ్‌మన్‌తోని బండి పెట్టే జాగ కోసం లొల్లి పెట్టుకుంటున్నవ్. సారు చెప్పిండు. నువ్వు లేవు. గట్లనే రాయి."