గొంతుకు నలభై రోజుల కసరత్తు

షామీర్‌పేటలోని మా చర్చిలో గుడ్ ఫ్రైడే పాట చివరి చరణం ఇరవై ఏళ్లుగా నాదే. అందులో పై స్థాయిలో ఒక్క స్వరం ఉంది. ఈసారి గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే నలభై రోజుల శ్రమల దినాల్లో, మొదటి ఆదివారం ప్రాక్టీసులో అది అందలేదు, గొంతు చీలిపోయింది. కీబోర్డు వాయిస్తూ మమ్మల్ని నడిపించే క్వాయర్ మాస్టరు, అల్వాల్ నుంచి బండి మీద వచ్చే మహాజ్ఞాని, చాలా మర్యాదగా అన్నాడు: "వయసు గదా అక్కా. ఎక్సర్‌సైజులు జెయ్యి. అప్పటికీ కాకుంటె చిన్నోళ్లకు ఇద్దాం, ఏమనుకోకు."

నేనేమీ అనుకోలేదు. ఇంటికొచ్చి ఏడ్చానంతే. నా పక్కన పాడే రిటైర్డ్ టీచరమ్మకూ ఆ రోజు పై స్వరాలకు గొంతు పెగల్లేదు. ఆమె పాటల పుస్తకం మూసి, "నాది అయిపోయింది" అని వెనక బెంచీలకు వెళ్లిపోయింది. నాకైతే అంత బుద్ధి లేదు.

ఇక మాస్టరు పంపిన వీడియోలు. గ్లాసెడు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు ఊదుతూ రాగం తీయాలట. చిన్నప్పుడు ఈ పని చేస్తే మా అవ్వ వీపు మీద ఒకటిచ్చేది. తర్వాత సైరన్, అంటే కింది నుంచి పైదాకా "ఊ" అంటూ పోవడం. దీనికి వీధికుక్కలు బాగా సహకరించాయి. అన్నిటికంటే ఘనమైనది పెదవులు వదిలేసి "బుర్ర్ర్" అనడం. గొంతుకు ఏం ఒరిగిందో తెలియదు గానీ, మూడో రోజుకల్లా పక్కింటి మేకలు మా గేటు దగ్గర చేరాయి. వెనకే వాటిని పెంచే ఆవిడ కర్రతో వచ్చింది.

"ఏంది అక్కా, పొద్దుగాల్నే నా మేకలను పరేషాన్ జేస్తున్నవ్? నేను గట్లనే పిలుస్త గదా, దాణా పెడ్తవనుకుంటున్నయ్."

"పాట ప్రాక్టీస్ జేస్తున్న."

"మస్తుంది. జర తలుపేసుకొని జెయ్యి."

తలుపేసుకొని చేశాను. వారానికొక కసరత్తు మార్చాను. స్వరం అందని ప్రతి ఆదివారం మాస్టరు ఇంకోటి తగిలించాడు. చివరికి ముసలిదాన్నయ్యానని నాకు నేనే ఒప్పుకున్నాను. ఆ మాట ఎంత నొప్పి పెట్టిందో ఎవరికీ చెప్పలేదు.

గుడ్ ఫ్రైడేకి ముందు శనివారం చర్చి శుభ్రం చేసే వంతు నాది. ఏడాది పొడుగునా నాదే లెండి, ఆ వంతుకు ఎవరూ పోటీ రారు. మాస్టరు కీబోర్డు ఆన్ చేసి చాయ్ తెచ్చుకోవడానికి వెళ్లాడు. కీబోర్డు మీద బల్లి రెట్ట తుడుస్తుంటే దాని చిన్న తెర మీద '+2' కనిపించింది.

"తమ్మీ, గీ ప్లస్ రెండు ఏంది?" అని ఆయన రాగానే అడిగాను.

ఆయన చాయ్ పక్కన పెట్టి తెర మీదికి వంగి చూశాడు. "శ్రుతి పెంచే బటన్ అక్కా. ఎవరో నొక్కిండ్రు. ఇన్ని రోజులు రెండు మెట్లు పైకి పాడుతున్నం."

ఎవరో ఏముంది? వారం వారం గుడ్డతో ఆ బటన్లను బరబరా రుద్దేది ఈ చర్చిలో నేనొక్కదాన్నే. మంచి చెవి ఉందని పేరున్న మాస్టరు గొంతు తగ్గించి, "ఎవ్వరికి చెప్పకు అక్కా" అని బతిమాలాడు. నేను అడగబోయింది కూడా అదే.

శుక్రవారం ఆ స్వరం సునాయాసంగా వచ్చేసింది. ఈస్టర్ ఆదివారం ఆరాధనలో మాస్టరు మైకులో మురిసిపోయాడు: "ఎక్సర్‌సైజుల మహిమ చూసిండ్రు గదా! అక్క సాక్ష్యం చెప్తది."

స్ట్రా గురించి చెప్పి కూర్చుందామనే లేచాను. అంతలో వెనక బెంచీలో పుస్తకం తెరవకుండా కూర్చున్న టీచరమ్మ కనిపించింది.

"గొంతులు మంచిగనే ఉన్నయ్," అన్నాను. "కీబోర్డు రెండు మెట్లు ఎక్కి ఉండె. తుడుసుకుంట బటన్ నొక్కింది నేనే."

సాక్ష్యానికి మామూలుగా ఆమెన్ అంటారు. ఒక్కరూ అనలేదు. మాస్టరు వంగి కీబోర్డు తెర మరోసారి చూసుకున్నాడు. తర్వాతి పాటకు క్వాయర్ లేచింది. టీచరమ్మ పుస్తకం పట్టుకొని నడుచుకుంటూ వచ్చి నా పక్కన ఆగింది.

"జర జరుగు," అంది. "గిది నా జాగ."