ఆరో గడిలో రాసిన చిరునామా

గుమాస్తాకు కాగితం కనిపిస్తుంది గాని మనిషి కనిపించడని లోకంలో ఒక మాట ఉంది. ఏదో ఒక ఆఫీసు కిటికీ ముందు గంటసేపు నిలబడినవాళ్ళెవరూ దాన్ని కాదనరు. అయితే లోకం అనే మాటల్లో సగం కాళ్ళు నొప్పెట్టి అన్నవే కాబట్టి, నమ్మే ముందు ఆ మాటను ఒక్క గుమాస్తా మీదనైనా పెట్టి చూడటం న్యాయం.

ఇక్కడ పరీక్షకు నిలబడే గుమాస్తాను ఆఫీసులో అందరూ గళ్ళమ్మ అంటారు. దరఖాస్తులో ఒక్క గడి కూడా ఖాళీగా పోనివ్వని మనిషి గనుక ఆ పేరు వచ్చింది. ఇంట్లోనూ ఆమె తీరు అదే. "మా కోడలు ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసి అంటిస్తుంది. నాలిక మీద వేసుకుంటే తెలియదూ?" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. గళ్ళమ్మ దానికి జవాబు చెప్పదు. ఎప్పుడో ఒకనాడు అత్తగారు కాఫీలో చక్కెర బదులు ఉప్పు వేసిన సంగతి ఆమెకు తెలుసు, అత్తగారికీ తెలుసు.

ఆమె పనిచేసే ఆఫీసు ఇల్లు లేనివాళ్ళకు గదులు చూపించే ప్రాంతీయ పథకానిది. ప్రాంతంలో ఏడు పట్టణాలు, పట్టణానికొక ఆఫీసు. ఏటా ప్రతి ఆఫీసూ తన ఊళ్ళో గది అవసరమైనవాళ్ళ జాబితాను కేంద్ర కార్యాలయానికి పంపుతుంది. అక్కడివాళ్ళు ఏడు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఏ ఊరికి ఎన్ని గదుల అద్దె భరించాలో నిర్ణయిస్తారు. గళ్ళమ్మ ఊరికి ఉన్నవి ముప్పై ఆరు గదులు, గదికొకరు. గది ఇచ్చేది ఏడాదికే గనుక, ఆ గదుల్లో ఉన్నవాళ్ళు కూడా ప్రతి ఏడూ మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి.

ఆ దరఖాస్తులో పన్నెండు గడులు. ఆరోది శాశ్వత చిరునామా. ఇల్లు లేనివాడిని శాశ్వత చిరునామా అడగాలన్న ఊహ ఒక్క మనిషి బుర్రలో పుట్టేది కాదు, దానికి తక్కువలో తక్కువ ఒక కమిటీ అయినా కావాలి. పైగా ఆరో గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు టింగుమని అరిచి ఏడో గడికి వెళ్ళనిచ్చేది కాదు.

పదకొండేళ్ళ కిందట కిటికీ దగ్గరికి మొదటగా ఒక ముసలి వడ్రంగి వచ్చాడు.

"చిరునామా చెప్పండి."

"లేదమ్మా."

"ఏదో ఒకటి చెప్పాలి. లేకపోతే ఇది ముందుకు పోదు."

"చెప్పడానికి ఉంటే ఇక్కడికెందుకొస్తాను తల్లీ?"

కంప్యూటరు తెర కిటికీ వైపుకు తిరిగి ఉంది. వడ్రంగికి చదవడం వచ్చు. ఆయన చూస్తుండగా ఆయన గురించి 'లేదు' అని అక్షరాల్లో కొట్టడానికి గళ్ళమ్మకు చేతులు రాలేదు. క్షణం ఆలోచించి ఆఫీసు తలుపు నంబరు కొట్టింది. "మీ ఉత్తరాలు ఇక్కడికే వస్తాయి. వచ్చి తీసుకోండి" అంది. వడ్రంగి తెర వైపు చూసి, చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అదే అలవాటైపోయింది. ఆమె బల్ల రెండో సొరుగు ఊళ్ళో సగం మందికి ఉత్తరాల పెట్టె అయింది. గొడుగులు బాగుచేసే ఒకాయన రెండేళ్ళుగా రోజూ వచ్చి అడుగుతున్నాడు. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైనా అక్కా అనే పిలుస్తాడు. కిటికీకి లోపలివైపు కూర్చున్నవాళ్ళు ఎప్పుడూ వయసులో పెద్దే.

"అక్కా, నాకేమైనా వచ్చిందా?"

"లేదండీ. అయినా మీకెవరు రాస్తారు?"

"ఎవరూ రాయరు. కానీ వచ్చిందా అని అడగడానికి ఒక చోటుండాలి కదా."

ఈ ఏటి జాబితా పూర్తయ్యేనాటికి మొత్తం మూడు వందల పన్నెండు పేర్లు. అందులో మూడు వందల ఎనిమిది మందికి శాశ్వత చిరునామా ఒక్కటే. కాగితం మాట నమ్మితే, రెండు గదులూ ఒక కుళాయీ ఉన్న ఆ ఆఫీసులో మూడు వందల ఎనిమిది మంది కలహం లేకుండా కాపురం చేస్తున్నారు.

కాగితాన్ని నమ్మేవాళ్ళు కేంద్ర కార్యాలయంలో ఉన్నారు. ఈ ఏడు వాళ్ళు జాబితాలు చదవడం మానేసి, లెక్క కంప్యూటరుకు అప్పగించారు. ఆరో గడిలో చిరునామా ఉంటే ఇల్లున్నట్టు, లేకపోతే లేనట్టు. సోమవారం నాడు ఉత్తరం వచ్చింది. సూపరింటెండెంటు గారు దాన్ని ఆఫీసు మధ్యలో నిలబడి పైకి చదివారు. ఈ పట్టణంలో ఇక ఇల్లు లేనివాళ్ళు నలుగురే. ఏడు పట్టణాల్లో ఇదే మొదటి స్థానం. ఇంతటి ఫలితం సాధించిన గుమాస్తాను ప్రాంతీయ ప్రణాళికాధికారిగా నియమించి, ఆమె పద్ధతిని మిగిలిన ఆరు ఊళ్ళకూ నేర్పించాలని తలచారు. సూపరింటెండెంటు గారు అందరికీ టీ తెప్పించారు.

గళ్ళమ్మ రెండో పేజీలు చదివే రకం మనిషి. టీ చల్లారుతుండగా తిప్పి చూసింది. అవసరం దాదాపు తీరిపోయింది గనుక ఇక్కడి ముప్పై ఆరు గదులనూ నెలాఖరుకు వేరే ఊళ్ళకు మళ్ళిస్తున్నామని, జాబితాలో సవరణలుంటే శుక్రవారం మూడు గంటల్లోగా పంపాలని రాసి ఉంది.

ఆమెకు మొదట వచ్చిన సందేహం మాత్రం ఆ నలుగురి గురించి. వెతికి చూస్తే, తన మోకాలికి దెబ్బ తగిలి వారం సెలవు పెట్టినప్పుడు నమోదైన పేర్లవి. ఆ వారం ఆమె కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిని ఆఫీసులో నిద్రగన్నేరు అంటారు. ఆ చెట్టు సాయంత్రం ఆకులు ముడిచినట్టు, ఆయన మధ్యాహ్నం దాటితే కళ్ళు మూసేవాడు. ఆయన నాలుగు చోట్లా ఆరో గడిలో 'లేదు' అని కొట్టాడు. కంప్యూటరు కిమ్మనకుండా తీసుకుంది.

"అలా కొట్టొచ్చని మీకెవరు చెప్పారండీ?" అని వెళ్ళి అడిగింది.

"చెప్పేదేముందమ్మా? వాళ్ళు లేదన్నారు, నేను లేదని కొట్టాను. అంతకన్నా ఎక్కువ కొట్టడానికి ఓపికెవరికి?"

నేల మీద కుండ లేకపోతే, ఆ లేకపోవడం కూడా ఒక పదార్థమేనని వాదించిన తార్కికులు మనకున్నారు. ఆ కంప్యూటరు వాళ్ళ సంప్రదాయానికి చెందినది. ఖాళీ గడి అనే శూన్యాన్ని అది సహించలేదు గాని, 'లేదు' అనే అభావాన్ని గౌరవంగా స్వీకరించింది. ఈ సూక్ష్మం పదకొండేళ్ళ శ్రద్ధకు అందలేదు, వారం రోజుల బద్ధకానికి అందింది. గుమాస్తాకు మనిషి కనిపించడన్న లోకం మాట ఆమె విషయంలో నిలవలేదన్నది నిజమే. ఆమెకు మనుషులు కనిపించారు, ఒక్కొక్కరూ విడివిడిగా, చొక్కా గుండీలతో సహా. కనిపించనిది కాగితమే. దయ చిల్లర బేరం, ప్రణాళిక టోకు బేరం. మూడు వందల ఎనిమిది సార్లు చిల్లరగా చేసిన మంచి, టోకుగా కలిపేసరికి మొత్తం ఊరికే ఇల్లు అక్కర్లేదని తేల్చింది. దీన్ని మెచ్చుకోవాలో మందలించాలో త్వరపడి చెప్పడం కష్టం.

ఆ సాయంత్రం ఇంట్లో విషయం చెప్పింది. ముందు గదిలో దర్జీ అయిన భర్త కుట్టుమిషను మీద ఉన్నాడు, అత్తగారు గుండీలను రంగుల వారీగా వేరుచేస్తోంది.

"మూడు వందల మంది చేత కాపురం పెట్టించావా?" అన్నాడు భర్త. "మా పిన్ని కొడుకు నాలుగు రోజులుంటానంటే చోటు లేదన్నావు కదే!"

"అతను కాగితం మీద ఉంటానంటే నాకేం అభ్యంతరమండీ?"

"మరి ఆ పెద్ద ఉద్యోగం?" అంది అత్తగారు, గుండీల నుంచి తల ఎత్తకుండా.

"తీసుకుంటే ఆ గడినే తీసేయొచ్చంటారు మా సూపరింటెండెంటు గారు. ఏడు ఊళ్ళకీ మేలవుతుందట."

"అవుతుందా?"

"అవుతుంది అత్తయ్యా. ఏడాదికో, రెండేళ్ళకో. ఈలోగా ఈ ముప్పై ఆరుగురూ వీధిలో ఉంటారు."

భర్త మిషను ఆపాడు. "తప్పు కత్తిరించిన గుడ్డని ఏం చేస్తామో తెలుసా? ముందు మాకే తప్పు కనపడనట్టు నటిస్తాం. తర్వాత కొలత ఇచ్చినాయనదే తప్పంటాం."

"తర్వాత?"

"ఆయన వేసుకుని చూస్తాడుగా. అప్పుడు మేమే ఒప్పుకుంటాం."

"అమ్మాయ్, ఒప్పుకుంటే ఉన్న ఉద్యోగం పోతుందా?" అని అత్తగారు అడిగింది. ఆ గొంతులో వేళాకోళం లేదు.

"పోకపోవచ్చు. పోనూవచ్చు."

సూపరింటెండెంటు గారు మంచివారు కాబట్టి మరో దారి చూపించారు. బుధవారం నాడు తలుపు దగ్గరగా వేసి, "కంప్యూటరు పొరపాటని రాసేద్దామమ్మా" అన్నారు. "దానికి పెళ్ళాం పిల్లలు లేరు, పింఛను లేదు. ఎన్ని నిందలైనా మోస్తుంది."

"అలా రాస్తే దాన్ని చూడటానికి మెకానిక్కుని పంపుతారు సార్. పోయినసారి మెకానిక్కు రావడానికి ఏడు వారాలు పట్టింది. గదులు నెలాఖరుకి పోతాయి."

"పద్ధతి నేర్పడానికి మిమ్మల్ని పిలిచారమ్మా. ఆ పద్ధతి ఇదీ అని చెబితే ఇక పిలవరు."

"తెలుసు సార్."

ఆమెకు ఆ పదవి మీద ఆశ లేదని అనుకోవడం పొరపాటు. ప్రాంతం మొత్తానికి దరఖాస్తు తిరగరాయడమంటే ఆమెకు స్వర్గంలో బల్ల వేసి కూర్చోబెట్టినంత. సొంత బల్ల మీద ఉన్న చిత్తు కాగితాల్లో ఆమె ఆ దరఖాస్తును అప్పటికే నాలుగుసార్లు తిరగరాసి ఉంచింది.

గురువారం ఉదయం గొడుగులాయన మామూలుగానే వచ్చాడు. ఆమె జరిగిందంతా చెప్పి, చిరునామా తీసేసి 'లేదు' అని పెట్టాల్సి వస్తుందని అంది. ఆయన ముఖం మారింది.

"తీసేస్తావా అక్కా? నా బ్యాంకు పుస్తకం మీద ఆ నంబరే ఉంది. ఆసుపత్రి చీటీ మీదా అదే. పదేళ్ళ తర్వాత మొన్న మా తమ్ముడు ఫోనులో దొరికాడు. ఇల్లెలా ఉంది అన్నయ్యా అంటే, బాగుందిరా, మూడు మెట్లెక్కాలి అన్నాను."

ఆఫీసు బయట మెట్లు మూడే.

"లేదని రాస్తే నాకు గది వస్తుందా?" అన్నాడు.

"మీకు రాకపోవచ్చు. అబద్ధం చెప్పను. రాయకపోతే మాత్రం ఇప్పుడు గదుల్లో ఉన్నవాళ్ళంతా బయటికొస్తారు."

"ముప్పై ఆరుగురా?"

"ముప్పై ఆరుగురు."

"అంతమంది వచ్చి నేను పడుకునే అరుగు మీద చేరితే నాకు చోటెక్కడుంటుంది? రాసెయ్." కిటికీ వదిలి రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "కానీ ఉత్తరాలు?"

"పన్నెండో గడి ఉంది. ఇతర వివరాలు. ఇన్నేళ్ళలో దాంట్లో ఎవరూ ఏమీ రాయలేదు. ఉత్తరాలు ఈ ఆఫీసుకి చేర్చాలి అని అక్కడ రాస్తాను."

"ఇది మొదటి రోజే తోచలేదా అక్కా?"

"లేదండీ."

"పెద్ద చదువులు చదివావు!" అని నవ్వి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆమె ఆఫీసు తెరిచిన వేళ నుంచి లేవకుండా కూర్చుంది. మూడు వందల ఎనిమిది పేర్లకూ ఆరో గడిలో 'లేదు' అని, పన్నెండో గడిలో ఉత్తరాలు చేరే చోటు అని కొట్టింది. కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళను నిద్రగన్నేరు చూసుకున్నాడు. మూడు గంటలకు పది నిమిషాల ముందు, సవరించిన జాబితాతో పాటు ఒక పేజీ ఉత్తరం పంపింది. పాత చిరునామాలు తాను కావాలనే రాశానని, అందులో దరఖాస్తుదారుల తప్పు గాని కంప్యూటరు తప్పు గాని లేదని, ప్రణాళికాధికారి పదవికి తన పేరు పరిశీలించవద్దని అందులో ఉంది. సంతకం ఆమె ఒక్కతే చేసింది.

ముప్పై ఆరు గదులను ఈ ఏడాదికి ఉంచారు. కొత్తవి ఇవ్వలేదు. ఆమె మీద విచారణ మొదలైంది. కావాలని చేసినదాన్ని పొరపాటుగా మార్చి రాసుకునే అవకాశం ఇస్తూ, వారం గడువుతో వివరణ అడిగారు. ఆమె వారం ఆగలేదు. తెలిసే చేశానని మరుసటి రోజే రాసి పంపింది.